ఈ వారం సమస్య: గోడ దూకువాడు గొప్పవాడు

ఇది ఆటవెలదిలో నాలుగో పాదం, దీనికి ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. అయిదూ సూర్యగణాలే (మూడు మాత్రల చిన్న గణాలు), యతి (పాదం మొదటి అక్షరంతో కుదరవలసిన అక్షరం) గో–గొ. పార్టీ ఫిరాయింపుల మీద మనసు మండి ఇచ్చిన సమస్య ఇది. అయితే పూరించేవారు తిట్టి ఊరుకుంటే చాలదు. గోడ దూకినవాణ్ణి తిట్టడం సులభమే. ఎందుకు దూకాడో చెప్పడం కష్టం, నాకు కావలసింది అదే. బతికి ఉన్న నాయకుల పేర్లు, పార్టీల పేర్లు పద్యంలోకి తీసుకురావద్దని మనవి.

మొదటి పూరణ

నిన్న తిట్టు తిట్టి నేడు దండను వేయు
కండువాలు మార్చు కాసు కొరకు
అట్టి వాని మెచ్చి యనుచరు లందురు
గోడ దూకువాడు గొప్పవాడు

విమర్శ: నడక హాయిగా ఉంది. గణాలు, యతులు సరిపోయాయి. సమస్యను అనుచరుల నోట పలికించి విరోధాన్ని తప్పించారు. తరచుగా కనిపించే దారే అయినా తప్పు దారి కాదు. నా అభ్యంతరం ‘కాసు కొరకు’ అన్న చోట. ఫిరాయింపు అంతా డబ్బుమూటతోనే జరుగుతుందా? మరుసటి ఎన్నికలో టికెట్ రాదన్న భయం ఉంటుంది. సొంత పార్టీలోనే తన నియోజకవర్గంలో పైకి వస్తున్న ప్రత్యర్థి ఉంటాడు. చేసిన పనులకు బిల్లులు ఆగిపోయి ఉంటాయి. ప్రతిపక్షంలో ఉన్న ఎమ్మెల్యే మాటకు అధికారులు విలువ ఇవ్వరు, రోడ్డు పడదు, ఊరివాళ్లు ఇంటికి వచ్చి నిలదీస్తారు. వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా రెండో పాదం బరువెక్కేది. ‘కాసు’ అనగానే పాఠకుడు తలూపి ముందుకు వెళ్లిపోతాడు.

రెండో పూరణ (కొత్తగా పద్యం రాస్తున్న సభ్యురాలిది)

ప్రగతి కోరి చేరె పాలక పక్షాన
అనెను, తెరచిచూడ నచట కేసు
కేసు మాసిపోయె కేకలు మిన్నంటె
గోడ దూకువాడు గొప్పవాడు

విమర్శ: అమ్మా, మీరు మొదట పంపిన పాదం ‘అభివృద్ధి’తో మొదలైంది. ఆ మాట సలము, అంటే సూర్యగణం కన్నా పెద్దదైన ఇంద్రగణం. ఆటవెలది మొదటి పాదం సూర్యగణంతో మొదలు కావాలి కనుక అక్కడ అది నిలవదు. ‘ప్రగతి’ అని సవరించాను, మిగిలినదంతా మీదే. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే చేరుతున్నాను’ అనే వాక్యం కండువా కప్పుకొనే ప్రతి సభలోనూ వింటాం. దాన్ని ఒక మూతలా చూపించి, మూత తీస్తే లోపల కేసు కనిపించేలా చేశారు. రెండో పాదం చివర ‘కేసు’, మూడో పాదం మొదట మళ్లీ ‘కేసు’: దీన్ని ముక్తపదగ్రస్తం అంటారు. తెలిసి చేశారో తెలియక చేశారో కానీ చాలా బాగా కుదిరింది.

ఒక పెద్దాయన ఆక్షేపణ: పద్యంలో ‘కేసు’ ఏమిటి? ‘అభియోగము’ అనరాదా?

జవాబు: అయ్యా, అనవచ్చు. కానీ ఓటరు నోట ఉన్న మాట కేసే. ఈ విషయం మీద రాసే పద్యం ఓటరుకు అర్థం కాకపోతే రాసి ప్రయోజనం లేదని నేను నమ్ముతాను.

మూడో పూరణ

దివ్వె వెలుగు రాత్రి తెలియకుండగ లేచి
పంచెలన్ని ముడిచి పైకి పాకి
దేశముక్తి కోరి తెగువతో నానాడు
గోడ దూకువాడు గొప్పవాడు

విమర్శ: ఈ పూరణ చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇది స్వాతంత్ర్య సమరయోధుడు జయప్రకాశ్ నారాయణ్ కథ. 1942 నవంబరు 9, దీపావళి రాత్రి, హజారీబాగ్ జైలు. కావలివాళ్లు పండుగ సందడిలో ఉండగా ధోవతులు ముడివేసి, ఆయన, మరో అయిదుగురు గోడ దాటారు. సమస్యలోని మాటను ఉన్నది ఉన్నట్టు వాచ్యార్థంలో తీసుకుని, వ్యంగ్యం అవసరమే లేకుండా పూరించారు.

ఇందులో మరో విశేషం ఉంది. అది పూరణకర్తకు తెలుసో లేదో! 1967 ఎన్నికల తరువాత ఫిరాయింపులు ముంచెత్తాయి. హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే ఒక్క పక్షం రోజుల్లో మూడు సార్లు పార్టీ మారాడు, ‘ఆయారామ్ గయారామ్’ అన్న మాట అప్పుడే పుట్టింది. దీనికి విరుగుడు వెతకాలని లోక్‌సభలో తీర్మానం పెట్టినవారు మన తెలుగు ఎంపీ పెండేకంటి వెంకటసుబ్బయ్య. దాని ఫలితంగా అప్పటి కేంద్ర హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. అందులో జయప్రకాశ్ కూడా సభ్యుడు. జైలు గోడ దూకిన మనిషే, పార్టీల గోడ దూకేవారిని ఏం చేయాలో ఆలోచించడానికి కూర్చున్నాడు. ఇంతకన్నా మంచి సమస్యాపూరణం నేను కల్పించలేను.

వ్యాకరణం దగ్గర ఒక చిన్న పట్టు ఉంది. ‘ఆనాడు’ అన్నారు, అది జరిగిపోయిన కాలం. ‘దూకువాడు’ ఎప్పుడూ ఉండే స్వభావాన్ని చెప్పే రూపం. రెండూ కలవవు. మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

దేశముక్తి కోరి తెగువతో చెరసాల

ఇప్పుడు నాలుగో పాదంలోని గోడ చెరసాల గోడ అయింది. అన్వయం కూడా కుదిరింది.

పూరణకర్త జవాబు: కమిటీ సంగతి నాకు తెలియదు. సవరణ శిరోధార్యం.

నాలుగో పూరణ

నూట పదియు నారు నోచిరి పదవికి
లెక్క తెలిసె నాడె లేదు సిగ్గు
సిగ్గు లేని చోట చెల్లు నిట్టి పలుకు
గోడ దూకువాడు గొప్పవాడు

విమర్శ: ఆ కమిటీ నివేదిక నుంచే అంకె తెచ్చారు. 1969లో సభ ముందుకు వచ్చిన ఆ నివేదిక ప్రకారం, లెక్కకు దొరికిన 210 మంది ఫిరాయింపుదారులలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయి. తామే నిలబెట్టిన మంత్రివర్గాలలో తామే చేరారు. సగానికి మించి! ఎందుకు దూకుతారు అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు మరొకటి లేదు. మనం శుభకార్యాలలో చదివించే నూటపదహారు ఇక్కడ ఇలా ఎదురుకావడం మనసును పిండింది.

చట్టం ఏం చేసిందో కూడా చెప్పాలి. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణతో పదవ షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చింది. మూడింట ఒక వంతు సభ్యులు వెళితే అది ‘చీలిక’, అనర్హత లేదు అన్నారు. ఒంటరిగా దూకితే తప్పు, గుంపుగా దూకితే ఒప్పు! 2003లో 91వ సవరణ ఆ చీలికను తీసేసింది, మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి పరిమితం చేసింది. మూడింట రెండు వంతుల సభ్యులు వేరే పార్టీలో కలిసే ‘విలీనం’ మాత్రం మిగిలింది. 2019లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ సభ్యులలో 12 మంది వెళ్లింది ఆ దారిలోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దారి కూడా అక్కరలేకపోయింది. ప్రతిపక్షం నుంచి వెళ్లినవారిలో నలుగురు 2017లో మంత్రులే అయ్యారు, అనర్హత ఫిర్యాదులు స్పీకర్ దగ్గర ఉండగానే. స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలో పదవ షెడ్యూలులో గడువు లేదు. తెలంగాణలోనే పదిమంది సభ్యుల విషయంలో మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది, 2025 జులై 31న.

అయిదో పూరణ

జెండ మోయువాడు చివర నిలిచిపోయె
ఏండ్లు గడిచె గాని యెవరు గనరు
నిన్న వచ్చి నేడు నేత యయ్యె నవుర
గోడ దూకువాడు గొప్పవాడు

విమర్శ: కార్యకర్త గోడు. ‘అవుర’ ఒక్కటే పాదపూరణం కోసం వచ్చిన వ్యర్థపదం. ‘నేత యయ్యె సభకు’ అంటే గణమూ చెడదు, వేదిక కూడా కళ్ల ముందు నిలుస్తుంది.

ఆరో పూరణ

ప్రజల సొత్తు సీటు ప్రజలకే తిరిగిచ్చి
మరల జనుల యెదుట మనవి చేసి
ఓడిపోవుటైన నొప్పుకొందు ననుచు
గోడ దూకువాడు గొప్పవాడు

విమర్శ: సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. అభిప్రాయం మారడం నేరం కాదు. నిన్న నమ్మినదాన్ని నేడు నమ్మలేని మనిషి అక్కడే పడి ఉండాలనడం అన్యాయం. కానీ సీటు అతనిది కాదు. ఆ గుర్తు చూసి, ఆ జెండా చూసి ఓటు వేసినవాళ్లది. దాన్ని చంకన పెట్టుకుని దూకడమే దొంగతనం. 1948లో ఆచార్య నరేంద్రదేవ కాంగ్రెస్‌ను వీడినప్పుడు, తోటి సోషలిస్టులతో కలిసి యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్) శాసనసభకు రాజీనామా చేశారు. అప్పటికి ఏ చట్టమూ అడగలేదు, ఏ స్పీకరూ నోటీసు ఇవ్వలేదు. ఉప ఎన్నికలో నిలబడ్డారు. ఓడిపోయారు. మీ మూడో పాదం ఆయన కోసమే రాసినట్టుంది.

మొదటి పూరణకర్త మళ్లీ: ఇది చదివాక నా రెండో పాదం నాకే నచ్చడం లేదు. మార్చి పంపుతాను.

తప్పక పంపండి, ఎదురుచూస్తుంటాను. ఆరో పూరణ పుణ్యమా అని వచ్చే వారం సమస్య కూడా దొరికింది. ఈసారి తేటగీతి:

ఓడిపోయినవాడెపో యోధుడగును