డిక్రీ వచ్చాక "ఆ కోర్టుకు పరిధి లేదు" అంటే చెల్లుతుందా?

కొత్తవకాలత్:
స్థలం ఒక జిల్లాలో ఉంది. సేల్ అగ్రిమెంట్ రాసుకున్నదీ, అడ్వాన్సు ఇచ్చిందీ వేరే నగరంలో. కొన్నవాడు ఆ నగరంలోనే స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ (అగ్రిమెంట్ ప్రకారం అమ్మి తీరాలన్న) దావా వేశాడు. "వివాదాలన్నీ ఆ నగర కోర్టుల్లోనే" అని అగ్రిమెంట్‌లో క్లాజు కూడా ఉంది. ప్రతివాది పరిధి (కేసు వినే అధికారం) గురించి ఒక్క ముక్క అనలేదు. డిక్రీ అయింది. ఇప్పుడు ఈపీలో (డిక్రీ అమలు దరఖాస్తులో) "ఆ కోర్టుకు పరిధే లేదు, డిక్రీ చెల్లదు" అంటున్నాడు. నిలుస్తుందా?

ధర్మపీఠం:
నిలుస్తుంది. కిరణ్ సింగ్ వర్సెస్ చమన్ పాశ్వాన్, 1954, సుప్రీంకోర్టు. పరిధి లేని కోర్టు ఇచ్చిన డిక్రీ శూన్యం. దాన్ని ఎక్కడ అమలు చేయబోయినా, ఈపీలోనైనా సరే, ఆ అభ్యంతరం లేవదీయవచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నా ఆ లోపం పూడదు. ఇక క్లాజు సంగతి: రెండు కోర్టులకు పరిధి ఉంటే వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు గానీ, లేని పరిధిని ఒప్పందంతో పుట్టించలేరు. 1971లో హాకమ్ సింగ్ కేసులోనే తేల్చేశారు.

ఇష్యూస్‌కుముందే:
క్లాజు విషయంలో మీతో పేచీ లేదు. కానీ కిరణ్ సింగ్ తీర్పులో ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ కేసులో చివరికి ఏమైంది? వాదులు దావా విలువ 2,950 రూపాయలని చూపారు. సబ్ కోర్టులో ఓడి, జిల్లా కోర్టు అప్పీల్లోనూ ఓడారు. హైకోర్టులో కోర్టు ఫీజు ప్రశ్న వచ్చి అసలు విలువ 9,980 అని తేలింది. వెంటనే ఆ వాదులే "అయితే మా అప్పీలు జిల్లా కోర్టు కాదు, హైకోర్టు వినాల్సింది, కాబట్టి ఆ తీర్పు చెల్లదు" అన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సూట్స్ వాల్యుయేషన్ చట్టం సెక్షన్ 11 ప్రకారం, విలువ తప్పు వల్ల కేసు మంచిచెడ్డల మీద నష్టం జరిగిందని చూపితే తప్ప తీర్పును కదపకూడదంది. మీరు ఎత్తిచూపుతున్న తీర్పులో డిక్రీ నిలబడింది.

స్థానిక పరిధికి, అంటే ఏ ఊరి కోర్టు అన్నదానికి, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 21 ఉంది. మూడు షరతులు, మూడూ కలిసి ఉండాలి. మొదటి కోర్టులో వీలైనంత త్వరగా అభ్యంతరం చెప్పాలి. ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారు చేసే దావాల్లో అప్పటికో, అంతకుముందో చెప్పాలి. పైగా దానివల్ల న్యాయం దెబ్బతిన్నదని చూపాలి. ఇక్కడ మొదటిదే లేదు.

ధర్మపీఠం:
సెక్షన్ 21 భాష చూడండి. "అప్పీలు కోర్టు గానీ రివిజన్ కోర్టు గానీ" అంటుంది. దావా వేసిన చోటు గురించిన ఉపసెక్షన్ (1)లో ఎగ్జిక్యూటింగ్ కోర్టు (డిక్రీని అమలు చేసే కోర్టు) మాటే లేదు. లేని మాట మీరు కలపకండి.

ఇష్యూస్‌కుముందే:
పైకోర్టే వినకూడని అభ్యంతరాన్ని డిక్రీ వెనక్కి వెళ్లే అధికారమే లేని ఎగ్జిక్యూటింగ్ కోర్టు వింటుందా? హీరాలాల్ పట్నీ కేసు, 1962 ఏఐఆర్ (తీర్పుల సంకలనం). వ్యాజ్య కారణం బొంబాయిలో ఏమాత్రం పుట్టలేదని ఎగ్జిక్యూషన్‌లో అన్నారు. స్థానిక పరిధి అభ్యంతరం వదులుకోదగ్గది, కేసు విషయం మీద అధికారమే లేకపోవడం వేరని కోర్టు స్పష్టంగా విడదీసింది. 2019లో స్నేహలతా గోయల్ కేసులో, విభజన డిక్రీ విషయంలో, మళ్లీ అదే చెప్పింది.

సర్ఫేసీ:
అధికారమే లేకపోవడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే బ్యాంకు బాకీల వసూలుకు పెట్టిన సర్ఫేసీ చట్టం సెక్షన్ 34 చూడండి. డీఆర్‌టీ (బాకీల వసూలు ట్రిబ్యునల్) తేల్చాల్సిన విషయం మీద సివిల్ కోర్టు చేయి పెట్టకూడదు. అది ఏ ఊరి కోర్టు అన్న ప్రశ్న కాదు.

ధర్మపీఠం:
మరి 2005 నాటి హర్షద్ చిమన్‌లాల్ మోదీ కేసును ఎందుకు దాటేస్తున్నారు? ప్లాటు గుర్గావ్‌లో, దావా ఢిల్లీలో. ఒప్పందం, డబ్బు చెల్లింపు, క్లాజు అన్నీ ఢిల్లీవే. అచ్చం ఇక్కడి ప్రశ్నే. ప్రతివాది మొదటి రిటన్ స్టేట్‌మెంట్‌లో (దావాకు రాసిన జవాబులో) పరిధిని ఒప్పుకున్నాడు, ఏళ్ల తర్వాత సవరణతో అభ్యంతరం తెచ్చాడు. అయినా సుప్రీంకోర్టు ఏమంది? సీపీసీ సెక్షన్ 16 ప్రకారం స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడే దావా, ఢిల్లీ కోర్టుకు అధికారం లేదు, సెక్షన్ 21 కాపాడదు అంది. ప్లెయింట్ (దావా పత్రం) వాపస్. ఇంత సూటిగా ఉన్న తీర్పును పక్కనపెట్టి 1962కి పోవడం చర్చ కాదు, తప్పించుకోవడం.

వాయిదా:
ప్లెయింట్ వాపస్ అంటే తేలిక అనుకుంటున్నారా? 2020లో ఎక్సెల్ కెరీర్స్ తీర్పు తర్వాత కొత్త కోర్టులో అంతా మొదటి నుంచే. రికార్డయిన సాక్ష్యం పోయినట్టే. మాకూ అలాగే అయింది. వాది గోడు ఎవరికీ పట్టదు.

ఇష్యూస్‌కుముందే:
తప్పించుకోవడమా? మోదీ కేసులో అభ్యంతరం వచ్చేనాటికి డిక్రీ లేదు, దావా ఇంకా నడుస్తోంది. కోర్టు ఆర్డర్ 7 రూల్ 10 కింద ప్లెయింట్ తిరిగి ఇచ్చింది. వాది సరైన కోర్టుకు పోవచ్చు. నిజాయితీగా, శ్రద్ధగా నడిపి ఉంటే అక్కడ పోయిన కాలం లిమిటేషన్ చట్టం (దావా గడువుల చట్టం) సెక్షన్ 14 కింద మినహాయింపు. రూల్ 10ఎ కింద ముందే దరఖాస్తు పెట్టుకుంటే కొత్త కోర్టులో హాజరు తేదీ కూడా ఖరారవుతుంది, మళ్లీ సమన్లు అక్కర్లేదు. డిక్రీ అయిపోయి ఈపీ దాకా వచ్చాక ప్లెయింట్ వాపస్ అన్న దారి వాదికి మిగలదు. మీరు అడుగుతున్నది ఏమిటంటే, ప్రతివాది కేసు మొత్తం పోరాడి, గెలిస్తే డిక్రీ ఉంచుకుని, ఓడితే పరిధి లేదని చింపేయొచ్చని. దానికి మీరు న్యాయం అని పేరు పెడుతున్నారు!

ధర్మపీఠం:
మీ కళ్లకు పోరాడిన ప్రతివాదే కనిపిస్తాడు. రాలేని ప్రతివాది సంగతి ఏమిటి? ఏడు వందల కిలోమీటర్ల దూరంలో దావా వేస్తారు. అక్కడ వకీలును పెట్టుకునే స్తోమత ఉండదు. ఎక్స్‌పార్టీ (ప్రతివాది రాకుండానే) డిక్రీ అవుతుంది. "ఇష్యూస్‌కు ముందే చెప్పలేదేం" అని అతన్నే అడుగుతారు. ఆ కోర్టుకు వెళ్లి "మీకు పరిధి లేదు" అని చెప్పాలంటే ముందు అక్కడికి వెళ్లాలి కదండీ! దూరపు కోర్టును ఎంచుకున్నవాడికే సెక్షన్ 21 బహుమతి ఇస్తోంది. నా బాధ అది.

ఇష్యూస్‌కుముందే:
ఇది మొదటే చెప్పి ఉంటే సగం వాదన ఉండేది కాదు. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని అడిగే దారి ఆర్డర్ 9 రూల్ 13. డిక్రీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. డిక్రీ రద్దయి దావా మళ్లీ తెరుచుకుని, రిటన్ స్టేట్‌మెంట్ వేయడానికి కోర్టు అనుమతిస్తే, మొదటి పేరాలోనే పరిధి అభ్యంతరం పెట్టాలి.

ధర్మపీఠం:
సమన్లు అంది, డబ్బులేక రాలేనివాడికి ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. "తగిన కారణం" అని జడ్జిని ఒప్పించగలిగితేనే. అందుకే స్థిరాస్తి విషయంలో సెక్షన్ 16ని సౌకర్యం కోసం పెట్టిన నియమంగా చూడకూడదంటాను. భూమి ఉన్న చోటే రికార్డులుంటాయి, సరిహద్దులుంటాయి, కమిషనర్ వెళ్లి కొలిచేదీ అక్కడే. ఆ హద్దు కోర్టు అధికారానికే హద్దు.

ఇష్యూస్‌కుముందే:
ఆ మాట మోదీ తీర్పు బలంతో అనొచ్చు. గోయల్ తీర్పు దానికి అడ్డు. ఇద్దరం ఒప్పుకోం, సరే.
కొత్తవకాలత్ గారూ, ప్లెయింట్‌లో స్వాధీనం అడిగారా, రిజిస్ట్రేషన్ ఒక్కటే అడిగారా? స్వాధీనం అడగని స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ భూమి దావా కాదని 2001లో యాడ్కాన్ కేసులో ఉంది. అది లెటర్స్ పేటెంట్ (పాత హైకోర్టుల అధికార పత్రం) క్లాజు 12 మీద ఇచ్చింది, నేరుగా సెక్షన్ 16 మీద కాదు, గుర్తుంచుకోండి.

ధర్మపీఠం:
దానితో పాటు 1982 బాబూలాల్ కేసు కూడా చూడమనండి. కొన్ని దావాల్లో స్వాధీనం ఆ ఉపశమనంలోనే ఇమిడి ఉంటుందంది.

కొత్తవకాలత్:
స్వాధీనం అడిగారు. ప్రతివాది హాజరై, సాక్షిగా బోనెక్కి, క్రాస్ కూడా అయ్యాడు.

ఇష్యూస్‌కుముందే:
అయితే ఈపీ కౌంటర్‌కు జవాబులో అతని వకాలత్ తేదీ, రిటన్ స్టేట్‌మెంట్ తేదీ, ఇష్యూస్ ఖరారైన తేదీ వరుసగా రాసి సర్టిఫైడ్ కాపీలు జతచేయండి. మోదీ కేసు అవతలివాళ్లు తెస్తారు. డిక్రీకి ముందు, తర్వాత అన్న తేడా మీరే ముందు ఎత్తండి.