ఇనన్నా చెవి ఒగ్గిందా, మనసు నిలిపిందా?

తాటాకు: ఇనన్నా దేవత పాతాళానికి దిగే సుమేరియన్ కావ్యం మొదటి పాదం నిన్నటి నుంచి వదలడం లేదు. “పై మహాలోకం నుంచి కింది మహాలోకానికి...” తర్వాత “చెవి ఒగ్గింది” అని గుర్తు. “మనసు నిలిపింది” అని ఇంకెక్కడో చదివాను. మూలంలో ఏముంది?

గంటం: మూలంలో చెవే, గెష్తుగ్. క్రియ గుబ్, నిలుపు. అయితే ఆ మాటకే వివేకమనీ అర్థం. ఎరిదు నగర దేవుడు ఎన్కిని “విశాలమైన చెవి గల ప్రభువు” అంటే ఏనుగు చెవులవాడని కాదు, మహాజ్ఞాని అని.

ముక్కుసూటి: గెష్తుగ్ కాదు, ఙెష్తుగ్. బడిలో వల్లించి వదిలేసిన ఙకారానికి ఇన్నాళ్లకు పదం మొదట్లో చోటు దొరికితే దాన్నీ గకారం చేస్తారా? దేవుణ్ణి కూడా దిఙిర్ అనాలి.

గంటం: ఆ ఉచ్చారణ విని వచ్చారా?

ముక్కుసూటి: వినకపోయినా సాక్ష్యం ఉంది. కావ్యాల్లో స్త్రీ దేవతల నోట వినిపించే సుమేరియన్ మాండలికం ఎమెసల్‌లో దిఙిర్ కాస్తా దిమ్మెర్ అవుతుంది. గకారం ఊరికే మకారమవుతుందా?

వానకోయిల: నాకు పేచీ “న”తో. ఆ పాదం చివరి క్రియ “నన్‌గుబ్”లో న నిషేధం కాదా? అప్పుడు మనసు నిలపలేదనేగా!

గంటం: పని పూర్తికాని క్రియారూపంతో వస్తే నిషేధం. ఇక్కడ పని పూర్తయిన రూపం, కాబట్టి నిశ్చయార్థం. కథ ఎత్తుకునేటప్పుడు ఈ న తరచు వస్తుంది, మన “అనగనగా” లాగా.

పోతనప్రియ: “విష్ణు నాకర్ణించు వీనులు వీనులు, మధువైరి దవిలిన మనము మనము.” పోతన్న పక్కపక్కనే పెట్టి మరీ వీనులకూ మనసుకూ వేర్వేరు పనులు అప్పగించాడు. సుమేరులో రెండూ ఒకటే. ఆ సీసంలో “శేషశాయికి మ్రొక్కు శిరము” దగ్గర శకారాల వరస చూశారా? అది చాలు నాకు.

వానకోయిల: బాగా విన్నవాణ్ణి మనమూ బహుశ్రుతుడనే అంటాం కదండీ.

ముక్కుసూటి: అది సంస్కృతం. సాక్ష్యం కావాలంటే సుమేరియన్‌కు పొరుగు భాష అక్కాడియన్ చూడండి. ఉజ్ను అంటే చెవీ, బుద్ధీ. ఇనన్నాకు ఆ భాషలో పేరు ఇష్తార్; ఇష్తార్ పాతాళయాత్ర మొదట్లోనూ ఆ మాటే.

తాటాకు: నా ఓటు చెవికే. ఈ కథను గెలిపించేది వినడమే. ఎన్కి గోటి మట్టితో చేసిన కుర్గర, గలతుర అనే ఇద్దరు పాతాళానికి వెళతారు. పాతాళపు రాణి ఎరెష్కిగల్ “అయ్యో నా గుండె, అయ్యో నా కాలేయం” అని మూలుగుతుంటే వాళ్లూ అవే మాటలు తిరిగి అంటారు. ఆమె కరిగి వరమిస్తానంటే, కొక్కేనికి వేలాడుతున్న ఇనన్నా శవాన్ని ఇమ్మని అడుగుతారు.

గంటం: కాలేయం ఎక్కడిది? మూలంలో “బర్”. అంటే వెలుపల. “అయ్యో నా లోపల, అయ్యో నా వెలుపల” అని అనువదించినవారున్నారు.

ముక్కుసూటి: బర్‌కు కాలేయమనే అర్థమూ ఉంది, గంటం గారూ. నొప్పులు పడుతున్న మనిషి వెలుపల అని ఏడుస్తుందా?

గంటం: ఒళ్లంతా నొప్పి అయితే ఎందుకు ఏడవదు?