కొండ మీది పొగ ఓజోను దాకా పోతుందా?

ప్రశ్న (తిరుపతి):
మా మిద్దె ఎక్కితే శేషాచలం ఎదురుగా కనిపిస్తుంది. వేసవిలో అడవి అంటుకుంటే రాత్రిళ్లు కొండ అంచున ఎర్రటి గీత పాకుతుంది. తెల్లారేసరికి దండెం మీది పంచెలకు మసి. 2014 మార్చిలో హెలికాప్టర్లు నీళ్లు చల్లడం ఇక్కడి నుంచే చూశాం. నిన్న మనవడు అడిగాడు: "తాతా, ఈ పొగ పైకి పోయి ఓజోనుకు చిల్లి పెడుతుందా? అగ్నిపర్వతాలు కూడా పెడతాయట కదా?" నలభై ఏళ్లు ఉప్పు పప్పుల లెక్కలు రాసిన కిరాణా వ్యాపారిని. వాడి ముందు నా పరువు నిలబెట్టండి.

జవాబు 1:
పెద్దాయనా, పొగ ఎక్కడైనా పొగే. పైకి పోతే చెరుపే. ఇందులో అడగడానికేముంది?

జవాబు 2 (చిత్తూరు):
ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. పై జవాబు రాసినవారు నా విద్యార్థి కాకూడదని కోరుకుంటున్నాను.

అసలు సంగతి ఎత్తు. మన నెత్తిన మబ్బూ వానా దాదాపు 17 కిలోమీటర్ల లోపే. ఓజోను ఎక్కువగా ఉండేది ఆ పైన. శేషాచలం పొగ అంత ఎత్తు ఎక్కలేదు. నాలుగు రోజులు ఊరి కళ్లు మండించి, ఒక మంచి వాన పడితే నేలకు దిగుతుంది.

2019-20లో ఆస్ట్రేలియా అడవుల కథ వేరు. ఆ మంటల వేడికి వాటి నెత్తినే ఉరుముల మబ్బులు పుట్టి పొగను నిలువునా ఎత్తేశాయి. మసి నల్లనిది కదా, ఎండకు కాగి చుట్టూ ఉన్న గాలినీ కాచి, దానితోపాటే తేలుతూ 35 కిలోమీటర్ల దాకా పోయింది. అక్కడ కడిగే వాన లేదు. నెలల తరబడి ఉండిపోయింది.

అయితే పొగ తనంతట తాను ఓజోనును తినదు (మా తరగతిలో సగం మంది ఇక్కడే తప్పు రాసేవారు). పాత ఫ్రిజ్‌లూ స్ప్రే డబ్బాలూ వదిలిన వాయువుల్లోని క్లోరిన్ ఇంకా పైనే ఉంది. 1987 మాంట్రియల్ ఒప్పందం ఆ వాయువులకు కళ్లెం వేసింది, కానీ అప్పటికే పైకి పోయినవి దశాబ్దాలపాటు నిలుస్తాయి. ఆ క్లోరిన్‌లో చాలా భాగం హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా, ఎవరి జోలికీ పోకుండా నిద్రపోతుంటుంది. పొగ రేణువుల్లోని సేంద్రియ పదార్థంలో ఆ ఆమ్లం సులువుగా కరుగుతుంది. అక్కడ క్లోరిన్ నిద్ర లేచి ఓజోనును తింటుంది. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త సుసాన్ సోలమన్ బృందం లెక్కలో, 2020లో దక్షిణార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో ఇలా 3 నుంచి 5 శాతం ఓజోను తగ్గింది.

అగ్నిపర్వతమంటే అందరికీ బూడిదే గుర్తొస్తుంది. అది తొందరగానే రాలిపోతుంది. అసలు పని గంధకానిది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో దాదాపు 1.5 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను పైకి చిమ్మింది. అది ఆమ్లపు తుంపరలై ఎండను వెనక్కి మళ్లించి, భూమి సగటు వేడిని సుమారు అర డిగ్రీ దించింది. ఆ తుంపరల మీద కూడా క్లోరిన్ లేచింది. 2022 జనవరిలో పసిఫిక్‌లోని టోంగా దీవుల దగ్గర సముద్రంలో పేలిన అగ్నిపర్వతం తీరే వేరు: గంధకం కొంచెం, నీటి ఆవిరి దాదాపు 15 కోట్ల టన్నులు.

జవాబు 3 (పాకాల):
బాబుగారిని గాదంకి తీసుకెళ్లండి. అక్కడి రాడార్ కేంద్రం నుంచి రాత్రిపూట ఆకాశంలోకి ఆకుపచ్చ లేజర్ గీత నిలబడేది. చిన్నప్పుడు మేడ మీద పడుకుని చూసేవాళ్లం. పైనున్న రేణువులకు తగిలి ఆ వెలుగు వెనక్కి వస్తుంది, పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు లెక్క కడతారు. 30 కిలోమీటర్లు పోయి రావడానికి సెకనులో అయిదువేలవ వంతు చాలు!

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, చదివి వినిపించాను. వాడు ఫ్రిజ్ దగ్గర ఆపి, "మన అంగట్లోదేనా తాతా?" అన్నాడు. 1994లో కొన్నది, ఇప్పటికీ మజ్జిగ అందులోనే. పాత సామాన్లవాడికి వేసేముందు అందులో గ్యాసు ఎవరు తీస్తారో కాస్త చెప్పండి.