గది వేడిలోనే క్వాంటం కంప్యూటర్: వజ్రంతో అవుతుందా, ఊరికే హడావిడా?

గచ్చిబౌలి_కుర్రాడు: మా దగ్గర ఒక మీటప్‌లో ఒకాయన గట్టిగా చెప్పారు: "సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లకి (క్వాంటం కంప్యూటర్‌లో బిట్ల లాంటివి) ఫ్రిజ్ కావాలి, వజ్రానికి అక్కర్లేదు, రేపు క్వాంటం కంప్యూటర్ టేబుల్ మీదకే వస్తుంది" అని. ఎమ్మెస్సీ అయిపోతోంది. నమ్మి పీహెచ్‌డీకి ఇటు వెళ్ళొచ్చా?

లేజర్_బాబాయ్: సగమే నిజం తమ్ముడూ. వజ్రంలో ఒక కార్బన్ చోట నైట్రోజన్ చేరి, పక్కనే ఇంకో చోటు ఖాళీగా ఉంటే అది ఎన్‌వీ (నైట్రోజన్-వేకెన్సీ) సెంటర్. అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్‌ని (దాని బుల్లి అయస్కాంత గుణం, ఇక్కడ అదే క్యూబిట్) గది వేడిలోనే ఆడించొచ్చు, అది నిజం. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది, స్పిన్ కూడా సున్నా స్థితికి చేరుతుంది. తర్వాత మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర వెలుగు తగ్గి గ్రాఫ్‌లో చిన్న గొయ్యి పడుతుంది. అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూడు, ఆ గొయ్యి రెండుగా చీలుతుంది. సెంటర్ అక్షం వెంట అయస్కాంత క్షేత్రం ఒక్క గాస్ పెరిగితే ఒక్కో గొయ్యి 2.8 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. అంటే ఇది పుట్టుకతోనే సెన్సర్. కంప్యూటర్ కావాలంటే సెంటర్లు ఒకదానికొకటి పదుల నానోమీటర్ల లోపు కూర్చోవాలి. నైట్రోజన్ అయాన్లు వజ్రంలోకి కొట్టి అంత కచ్చితంగా కూర్చోబెట్టడం మాటలు కాదు.

స్పిన్_సుందరి: అలా తీసిపారేయకండి బాబాయ్‌గారూ. పక్కపక్కనే ఉండాలని ఏముంది, కాంతితో కలపొచ్చుగా? 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు వజ్రాల స్పిన్లను ఎంటాంగిల్ చేసి (రెంటి స్థితులూ ఒకదానితో ఒకటి ముడిపడేలా) లొసుగుల్లేని బెల్ పరీక్ష (ఆ ముడి నిజంగా క్వాంటమ్‌దేనా అని తేల్చేది) చేశారు.

లేజర్_బాబాయ్: చేశారమ్మా, 4 కెల్విన్ (దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర! టేబుల్ మీద కంప్యూటర్ కబుర్లు అక్కడే చల్లబడ్డాయి. 220 గంటలు కూర్చుంటే దక్కినవి 245 ట్రయల్స్. ఎన్‌వీ వదిలే ఫోటాన్లలో ఎంటాంగిల్‌మెంట్‌కి పనికొచ్చేవి 3 శాతం దాకానే మరి.

చార్మినార్_చాయ్: మన గోల్కొండ వజ్రాలు పనికిరావా బాబాయ్? 😄

లేజర్_బాబాయ్: వాటికి పేరొచ్చిందే నైట్రోజన్ దాదాపు లేని స్వచ్ఛత వల్ల. ల్యాబ్‌లో వాయువుల నుంచి పెంచిన సీవీడీ వజ్రం చాలు నాయనా, నిజాంగారి నగలు వదిలెయ్.

స్పిన్_సుందరి: 4 కెల్విన్ చల్లదనమే, ఒప్పుకుంటా. కానీ సూపర్‌కండక్టింగ్ వాళ్ళు మిల్లీకెల్విన్లలో పడే అవస్థతో పోలిస్తే అదెంత? వజ్రంలోనే ఉండే కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) న్యూక్లియస్‌లు మెమరీగా ఉచితంగానే దొరుకుతున్నాయి. నా ఓటు వజ్రాలను కాంతితో కలిపే నెట్‌వర్క్‌కే.

గచ్చిబౌలి_కుర్రాడు: ఇంతకీ అప్లికేషన్‌లో ఏం రాయను?

లేజర్_బాబాయ్: సెన్సింగ్ అని రాయి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ క్వాంటం మిషన్‌లో ఆ హబ్ ఐఐటీ బాంబేలో ఉంది. ఆ మీటప్ డైలాగ్ మాత్రం ఇంటర్వ్యూలో కొట్టకు.