అనుమతి అడగని గ్రే ఆల్బమ్ కళ అయితే, మన జాతర మిక్స్‌లు ఎందుకు కావు?

దేవరకొండ శ్రోత

పోయిన వారం జాతర డీజే మిక్స్‌ల మీద మాట నడిచినప్పుడు "రీమిక్స్ అంటేనే ఒకరి కష్టం ఇంకొకరు తినుడు" అని ఒకరు రాసిన్రు. దానికి నా జవాబు ఒక ఆల్బమ్. హిప్‌హాప్ వినేటోళ్లకు తెలిసే ఉంటది, తెలువనోళ్ల కోసం జెర చెప్త.

2003 నవంబర్‌ల అమెరికా ర్యాపర్ జే-జీ 'ది బ్లాక్ ఆల్బమ్' వచ్చింది. తర్వాత సంగీతం లేకుండ ఒట్టి గొంతు మాత్రమే ఉన్న రికార్డు కూడ బయటికి తెచ్చిన్రు. డేంజర్ మౌస్ అనే నిర్మాత (పాటకు సంగీతం కట్టేటాయన) ఆ గొంతు తీసుకున్నడు. దాని కింద పరిచిన సంగీతమంత ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1968ల తెచ్చిన తెల్ల అట్ట డబుల్ ఆల్బమ్‌ల నుంచి తీసిందే, దాన్ని 'వైట్ ఆల్బమ్' అంటరు. డ్రమ్ దెబ్బ, గిటార్, బేస్ అన్నీ అందులయే. 2004 మొదట్ల వచ్చిన ఆ పనే 'ది గ్రే ఆల్బమ్'. అప్పట్ల బీటిల్స్ రికార్డుల హక్కులున్న ఈఎంఐ కంపెనీ ఆపుమని నోటీసు పంపింది, ఆయన ఆపిండు. వినేటోళ్లు ఆపలే. 2004 ఫిబ్రవరి 24, మంగళవారం నాడు నూటికి పైగ వెబ్‌సైట్లు దాన్ని ఒక్క దినం ఉచితంగ పెట్టినయి. ఆ దినానికి 'గ్రే ట్యూస్‌డే' అని పేరు.

నా లెక్కల ఒక్క విషయంల ఇది మూలం కంటె మెరుగు. బ్లాక్ ఆల్బమ్‌ల నిర్మాతలు చాలమంది ఉన్నరు: కాన్యే వెస్ట్, టింబలాండ్, జస్ట్ బ్లేజ్, నెప్ట్యూన్స్, రిక్ రూబిన్, ఎమినెమ్. విడివిడిగ అన్నీ గట్టి పాటలే. కాని వరుసగ వింటె పాటపాటకు ఇల్లు మారినట్టు ఉంటది. గ్రే ఆల్బమ్‌ల మొదటి నుంచి చివరి దాక ఒక్కటే చెయ్యి.

'డిసెంబర్ ఫోర్త్' వినుండ్రి. జే-జీ పుట్టిన తారీఖు అది, పాటల ఆయన తల్లి గ్లోరియా కార్టర్ మాటలున్నయి. మూలంల వెనక సంగీతం పెద్ద ఊరేగింపుగ వస్తది. గ్రేల 'మదర్ నేచర్స్ సన్' గిటార్ మెల్లగ మోగుతుంటది, తల్లి మాట ముందుకొస్తది. 'వాట్ మోర్ కెన్ ఐ సే' గొప్పలు చెప్పుకునే పాట. దాని కింద 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' వెయ్యంగనే అవే గొప్పలు అలిసిపోయిన మనిషి మాటలైనయి. అక్షరం మారలే, భావం మారింది. 'నైంటీ నైన్ ప్రాబ్లమ్స్' కాడ మాత్రం మూలమే గెలిచింది అంట నేను. ఆ పాట చేసిన రూబిన్ ఖాళీ విడిచిపెట్టిన జాగలన్నిటిని 'హెల్టర్ స్కెల్టర్' గిటార్లు నింపేసినయి, గొంతుకు చోటు తక్కువైంది.

అనుమతి లేకుండ చేసిన ఈ పనిని ఏమందాం? నేనైతే కళ అంట.

మిర్యాలగూడ మిక్సర్

అన్నా, మరి నన్ను కూడ కళాకారుడు అను. నేను బరాత్‌లకు, బోనాలకు, గణేశ్ నిమజ్జనాలకు మిక్స్ చేస్త. జానపదం పాట తీసుకొని గొంతు విడగొట్టి కింద తీన్మార్ డప్పు వేస్త. 2004ల ఒట్టి గొంతు కావాలంటె కంపెనీయే ఇయ్యాలె. ఇప్పుడు ఫోన్ల యాప్ కూడ గొంతును, వాద్యాన్ని వేరు చేస్తది. ఆయన బీటిల్స్‌ను అడగలే, నేను ఇంకొకర్ని అడగలే. ఆయనది ఆల్బమ్, నాది చిల్లర పనా?

మిక్స్ అంటె ఇంట్ల కూసొని వినేది కాదు. రోడ్డు మీద జనం ఎగరాలె. మెల్లగ పాడిన పాటకు ఎవరు అడుగు వెయ్యరు, అందుకే వేగం పెంచుత. పాత రికార్డుల బేస్ ఉండదు, పెద్ద బాక్సుల్ల పెడితె పాట రేకు డబ్బ లెక్క మోగుతది. ఆ కింది మోత నేనే పుట్టియ్యాలె. దాని మీద రాత్రులు కూసుంటం. మా అసొంటోళ్లు కొట్టకుంటె సగం జానపదాలు ఈ కాలం పోరగాళ్ల చెవుల పడకపోయేటియి.

అచ్చంపేట అక్క

తమ్మీ, నీ కష్టాన్ని నేను తీసేస్తలేను. కాని ఆ ఆల్బమ్ పక్కన నీ మిక్స్ పెట్టేముందు, ఎవరిని కోసిన్రో చూడాలె.

మా దిక్కు కిన్నెర కథలున్నయి. లింగాల మండలం దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు, పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబ్ అసొంటి వీరుల కథలు పాడినందుకు. వెదురు కర్రకు మెట్లు, కింద సొరకాయ బుర్రలు, ఆ తీగె మీటుకుంట కథ చెప్తరు. కొట్లాట వచ్చిన కాడ పాట ఉరుకుతది, దుఃఖం వచ్చిన కాడ ఆగుతది. మీ సాఫ్ట్‌వేర్‌ల పెట్టంగనే ప్రతి మాటను తాళం గీతల మీదికి జరపాలె, లేకుంటె డప్పుకు అందదు. పాడేటాయన ఆగిన కాడ మీరు ఆగనియ్యరు. ఆ సాయన్న కథనే మొన్న బరాత్‌ల విన్న. పేదోళ్లకు పంచిన ముచ్చట లేదు, పట్టుకొని సంపిన ముచ్చట లేదు, హుషారుకు పనికొచ్చే రెండు వరుసలు మిగిలినయి. అవే తిరిగి తిరిగి మోగుతున్నయి.

శ్రోత తమ్ముడు చెప్పిన ఆల్బమ్‌ల జే-జీ చెప్పిన కథ అట్లనే ఉన్నది, తల్లి మాటతోని సహా. అక్కడ కోసింది సంగీతాన్ని. ఇక్కడ కోస్తున్నది మనిషి మాటను.

పేరు సంగతి కూడ చెప్పాలె. వీడియో మీద డీజే పేరు పెద్దక్షరాలల్ల ఉంటది, పాట నడుమ నాలుగుసార్లు గొంతుతోని వినిపిస్తది. పాడిన ఆమె పేరు ఎక్కడుండదు. జే-జీ ఎవరు, బీటిల్స్ ఎవరు అని తెలువకుంట గ్రే ఆల్బమ్ విన్నోళ్లు ఉన్నరా?

నల్లగొండ వకీలు

ఎవరు గొప్ప అన్నది మీరు తేల్చుకోండి. చట్టం సంగతి వరకు నేను చెబుతాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణతో అందులో 31సి సెక్షన్ చేరింది. ఒక పాట మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడిస్తే, ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టి, ఎవరైనా ఆ పాటను మళ్లీ పాడించి రికార్డు చేసుకోవచ్చు. అయితే సాహిత్యాన్ని, బాణీని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇది మళ్లీ పాడించేవాళ్లకు మాత్రమే. ఉన్న రికార్డు నుంచే గొంతు విడగొట్టుకుంటే ఈ సెక్షన్ కాపాడదు, రికార్డు హక్కుదారు అనుమతి కావాల్సిందే. రికార్డు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది.

అక్క చెప్పినదానికి పనికొచ్చేది 38బి. అది కూడా 2012 సవరణే. పాడినవారు తమ పేరు చెప్పాలని అడగవచ్చు. తమ పాటను పరువు పోయేలా కోసినా, వక్రీకరించినా అడ్డుకోవచ్చు, నష్టపరిహారం కోరవచ్చు. రికార్డు హక్కులు కంపెనీకి రాసిచ్చేసినా ఈ రెండూ పాడినవారి దగ్గరే ఉంటాయి. పాట ఎవరు కట్టారో తెలియని జానపదమైనా సరే, ఆ రోజు పాడిన మనిషి ఫలానా అని తెలుసు కదా.

గ్రే ఆల్బమ్ కేసు కోర్టు దాకా పోలేదు, అందువల్ల దాని మీద తీర్పు లేదు. కానీ 2005లో అమెరికాలోని ఒక అప్పీలు కోర్టు వేరే కేసులో, రికార్డు నుంచి తీసింది ఎంత చిన్న ముక్కయినా లైసెన్సు ఉండాల్సిందేనని చెప్పింది.

కొల్లాపూర్ రికార్డులు

బీటిల్స్‌ను చదువుకునే రోజుల నుంచి వింటున్నోన్ని, అందుకని నా మాట కూడ వినుండ్రి. ఆ ఆల్బమ్‌ల మనిషి మాటను కోయలేదన్న అక్క మాటతోని నాకు పేచీ ఉన్నది. వైట్ ఆల్బమ్‌ల 'జూలియా' అనే పాట బీటిల్స్‌ల ఒకడైన జాన్ లెనన్ తన తల్లి మీద రాసుకున్నడు. ఆమె 1958ల కారు గుద్ది చనిపోయింది. లెనన్ ఒక్కడే గిటార్ పట్టుకొని, గొంతు పెంచకుండ పాడిండు. ఆ పాటను డేంజర్ మౌస్ 'డర్ట్ ఆఫ్ యువర్ షోల్డర్' కింద ముక్కలు ముక్కలు చేసి వేసిండు. ఒక తల్లి మాట నిలబెట్టిండని శ్రోత మెచ్చుకున్నడు. ఇంకొక తల్లి మీది పాట ఏమైందో ఎవరు అడగరేంది?

మార్చుడు మన దిక్కు కొత్త కాదు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను తీసుకొని వాటిల్ల తెలంగాణ సాయుధ పోరాటం మాట నింపిండు. బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి'ని 1979ల 'మా భూమి' సినిమాల గద్దర్ పాడిండు. ఆ తర్వాత ఎన్ని సభలల్ల ఎందరు పాడిన్రో, ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టిన్రో లెక్క లేదు. కాని వాళ్లంత నేర్చుకొని పాడిన్రు, తమ గొంతుతోని పాడిన్రు. నేర్చుకున్నోడికి మార్చే హక్కు వస్తదని నేను నమ్ముత. ఇంకొకరి రికార్డును కోసుకున్నోడికి ఆ హక్కు రాదు, వాడు అమెరికావాడైనా, మన మిర్యాలగూడ పిల్లగాడైనా.

దేవరకొండ శ్రోత

సార్, జూలియా కాడ మీరు విన్నది ఒకటి, నేను విన్నది ఇంకొకటి. జే-జీ భుజం మీది దుమ్ము దులుపుకుంట డాబుగ మాట్లాడుతుంటె, కింద లెనన్ గొంతు తెగి తెగి వస్తది. ఆ డాబు వెనక తల్లి కోసం చూసే పిలగాడు ఉన్నట్టు నాకు అనిపిస్తది. అది చెడగొట్టుడు అనుకోను. ఆ ఆల్బమ్‌ల నాకు నచ్చని కోత వేరే ఉన్నది, 'లూసిఫర్ 9'ల జే-జీ గొంతును తిరగేసి నడిపించుడు. అక్కడ మాట పోయింది, శబ్దం మిగిలింది.

నేర్చుకునే కష్టం లేదన్నది కూడ ఒప్పుకోను. వైట్ ఆల్బమ్‌ల 30 పాటలు, గంటన్నర పైన సంగీతం. బీటిల్స్ డ్రమ్మర్ రింగో దెబ్బ ఒంటరిగ ఎక్కడ దొరుకుతది, గిటార్ మీద గొంతు పడని చోటు ఏది, ఇవన్నీ కంఠతా వచ్చినంతగ తెలిస్తేనే ఆ పని అయితది. అది చెవితోని నేర్చుకునుడు. అట్ల నేర్చుకున్నడు కాబట్టే తర్వాత గొరిల్లాజ్ అనే బ్యాండ్ 'డీమన్ డేస్' అసొంటి ఆల్బమ్ చేతికొచ్చింది.

మిక్సర్ తమ్మీ, నీకు నాకు తేడా వచ్చేది ఇక్కడ్నే. నువ్వు అడగకపోవుడు నాకు మొదటి పేచీ కాదు. నీ మిక్స్‌లు నేను విన్న. పెళ్లి పాటకు అదే తీన్మార్, ఎల్లమ్మ పాటకు అదే తీన్మార్, వలసపోయిన పాలమూరు కూలీ మీది పాటకు కూడ అదే. పాట మారితె డప్పు మారదు. డేంజర్ మౌస్ తల్లి మాటకు ఒక గిటార్ ఎతికిండు, పొగరు మాటకు ఇంకొకటి ఎతికిండు. మాట విన్న తర్వాతనే చెయ్యి పెట్టిండు. నీ మిక్స్‌ల ఆ వినుడు నాకు దొరుకుతలేదు. డప్పుల ఎన్ని దరువులు లేవు? పెద్దగట్టు జాతరల కొట్టే దరువు వేరే, సావుకు కొట్టేది వేరే. నీ ఊర్ల డప్పు కొట్టే పెద్దమనుషులనే కూసోబెట్టి రికార్డు చేసుకో. కొన్న లూప్ (తిరిగి తిరిగి మోగే దరువు ముక్క) ఎందుకు?

మిర్యాలగూడ మిక్సర్

అన్నా, పొద్దుగూకినంక ఫోన్ వస్తది, తెల్లారేసరికి మిక్స్ కావాలంటరు. డప్పోళ్లను పిలిచి రికార్డు చెయ్యాలంటె జాగ కావాలె, మైకులు కావాలె, వాళ్లకు పైసలియ్యాలె. బరాత్ ఇంటోళ్లు గంత ఇయ్యరు. అయినా చేసి చూస్త, కొన్న లూప్‌ల మోత నాకు కూడ విసుగొచ్చింది.

వకీలు సార్‌కు ఒకటి చెప్పాలె. నా వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడ్తది. అప్పుడు దాని యాడ్ పైసలు క్లెయిమ్ వేసిన కంపెనీకి పోతయి. పాడిన అక్కకు అండ్ల రూపాయి వచ్చిందని నేను వినలే. అనుమతి అనుమతి అంటున్నరు కదా, కంపెనీని అడిగితె ఆమెకు ఏం ఒరుగుతది?

నల్లగొండ వకీలు

ఒప్పందంలో ఏం రాసుకున్నారన్న దాని మీద ఉంటుంది. 38ఎ ప్రకారం పాటను వాణిజ్యానికి వాడినప్పుడు పాడినవారికి రాయల్టీ రావాలి. చాలామంది జానపద గాయకులు ఒకేసారి ఇంత అని తీసుకొని సంతకం పెడతారు, తర్వాత అడగాలన్న సంగతే వాళ్లకు ఎవరూ చెప్పరు. అందుకే మీరు కంపెనీతో పాటు పాడినవారిని కూడా అడగండి అంటాను. పేరు రాయడానికి ఏ కంపెనీ అడ్డం రాదు.

కొల్లాపూర్ రికార్డులు

పేరు రాసినంత మాత్రాన కోసింది అతుక్కోదు. నా మాట అదే.

మిర్యాలగూడ మిక్సర్

సరే, పేరు పెడ్త. వీడియో పేరులనే మొదలు పాడినోళ్లది, తర్వాత నాది. కాని అక్కా, కథ మొత్తం పెట్టుమంటె నాతోని కాదు. బరాత్‌ల సాయన్న కథ పూర్తిగ పెడితె ఒక్కరు ఎగరరు, మధ్యల ఆపేయమంటరు.

అచ్చంపేట అక్క

పెట్టకు మరి. ఎగరడానికి పుట్టిన పాటలు మనకు తక్కువున్నయా? కోలాటం పాటలున్నయి, బతుకమ్మ పాటలున్నయి, పెండ్లిల నలుగు పెట్టేటప్పుడు పాడేటియి ఉన్నయి. అవి చప్పట్ల మీద, దరువు మీద పుట్టినయి. వాటిని ఎంత ఉరికిచ్చినా తట్టుకుంటయి. సాయన్నది ఒక మనిషిని ఎట్ల సంపిన్రో చెప్పే కథ. దాన్ని సగం కోసి పెండ్లికొడుకు గుర్రం ముందర ఎందుకు ఆడిపిస్తరు? ఆ కథ వినాలనుకున్నోళ్లు కిన్నెర కాడికే వస్తరు.