అప్‌డేట్: ఘాట్ రోడ్డు దిగాక కారు నుంచి వచ్చిన కాలిన వాసన

తిరుమల నుంచి అలిపిరికి దిగిన ప్రతిసారీ కారు ముందు భాగంలో కాలిన వాసన వస్తోందని, అది క్లచ్‌దేమోనని మొన్న అడిగాను. క్లచ్‌ది కాదు. చక్రాలను జాకీపై ఎత్తి చేత్తో తిప్పితే కుడిది సులువుగా తిరిగింది, ఎడమది అర చుట్టు కూడా తిరగలేదు. విప్పి చూడగా కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను చక్రం డిస్కుకు నొక్కే భాగం) జరగడానికి ఉండే స్లైడ్ పిన్ తుప్పు పట్టి ఇరుక్కుపోయి, బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉందని తేలింది. లోపలి ప్యాడ్ దాదాపు వెనకున్న లోహపు రేకు దాకా అరిగింది, డిస్కు అంచు వేడికి నీలం తిరిగింది.

పిన్నులు శుభ్రం చేయించి, అధిక వేడిని తట్టుకునే గ్రీజు పెట్టించి, ప్యాడ్లూ డిస్కులూ రెండువైపులా మార్పించాను. తేమ పీల్చుకుంటే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మరిగే స్థాయి 230 డిగ్రీల నుంచి 155 దాకా దిగజారవచ్చు కాబట్టి అదీ మార్పించాను. నిన్న రెండో గేరులో దిగి, అలిపిరిలో ఆగి వాసన చూశాను; ఏమీ లేదు. చక్రాన్ని ఎత్తి చూడమన్నవారికి నిజంగా రుణపడి ఉన్నాను.