ఒక్క ‘ఇంకా’కి స్టిల్, యెట్ రెండూ ఎందుకు?

‘వాడు ఇంకా రాలేదు’ని ఇంగ్లీషులో చెప్పడానికి స్టిల్ వాడాలా, యెట్ వాడాలా అని నిన్న ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, పోటీ పరీక్షల్లో తరచూ తగిలేదే.

రెండూ వాడొచ్చు. తేడా అంతా విసుగులోనే ఉంది. ‘హీ హాజంట్ కమ్ యెట్’ అంటే రాలేదు, వస్తాడేమో చూస్తున్నాం అని మామూలుగా చెప్పడం. ‘హీ స్టిల్ హాజంట్ కమ్’ అంటే ఈపాటికి రావలసినవాడు, ఎంతసేపని చూస్తాం అన్న చిరాకు. మనం ఆ చిరాకును గొంతులో చూపిస్తాం, ‘ఇంకా’ని సాగదీసి పలుకుతాం. ఇంగ్లీషులో మాట మార్చి కూడా దాన్ని చూపించొచ్చు.

‘ఇంకా నిద్రపోతున్నాడు’ లాంటి వాక్యంలో సందేహమే లేదు, స్టిల్ ఒక్కటే. నేటి మామూలు వాడుకలో యెట్ అక్కడ పొసగదు.

ప్రశ్నల్లో ఆల్రెడీ కూడా వచ్చి చేరుతుంది. ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ అంటే తిన్నావా, ఇంకా లేదా అని. యెట్ తీసి ఆల్రెడీ పెడితే ‘అప్పుడే తినేశావా!’ అన్న ఆశ్చర్యం వస్తుంది. ఆల్రెడీ అంటే ‘ఇప్పటికే’ అని మాత్రమే నేర్చుకోవడం వల్ల ఈ ‘అప్పుడే’ చాలామందికి తట్టదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాట పెట్టే చోటు. ‘స్టిల్ ఐ డిడ్ నాట్ రిసీవ్ ద లెటర్’ అని ఆఫీసు మెయిల్స్‌లో ఎంతోమంది రాస్తారు. తెలుగు వరసలో అది సహజమే. కానీ స్టిల్ గానీ యెట్ గానీ వాక్యం మొదట్లో ఉంటే చదివేవాళ్లకు ‘అయినా’ అనే అర్థమే ముందు తడుతుంది: పిలిచాను, అయినా రాలేదు అన్నట్టు. హాజంట్, డజంట్ లాంటివాటికి ముందు స్టిల్ పెట్టండి. ఈజ్, ఆర్ ఉంటే వాటి తర్వాత. యెట్‌ని మామూలుగా వాక్యం చివర పెట్టండి.

నాకు ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. మన ‘ఇంకా’కి ‘మరింత’ అనే అర్థం కూడా ఉంది కదా, ఈ రెండు ఇంగ్లీషు మాటలకూ దానికి దగ్గరి అర్థం ఉంది! ‘ఇంకా మంచిది’ అంటే స్టిల్ బెటర్, ‘ఇంకో కారణం’ అంటే యెట్ అనదర్ రీజన్.

‘ఇక’ వేరు. ‘ఇక ఇక్కడ ఉండటం లేదు’ అంటే ఎనీమోర్ రావాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అంటే దిద్దకండి, అక్కడ అది మామూలు మాటే. పరీక్షలో మాత్రం ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ రాయండి.